మూడు నల్లాలు

కల్వకుర్తి కోర్టు వరండాల
రెండో శనివారం, లోక్ అదాలత్.
బ్యాంకు బాకీలోళ్లు ఒక దిక్కు,
హెల్మెట్ లేనోళ్లు ఒక దిక్కు,
నడుమ నా బల్ల, నా ఇంకు ప్యాడు.

పేరు పిలిస్తే లేచింది ఈదమ్మ.
నేరం: బస్టాండు నీళ్ల ట్యాంకుకున్న
మూడు ఇత్తడి నల్లాలు విప్పుకపోవుడు.
విలువ ఆరువందల నలభై.
అమ్మింది తొంభైకి.
తొంభైకి ఎన్ని కల్లు ప్యాకెట్లొస్తయో
వరండాల అందరికీ ఎరుకే,
ఎవరం రాయలే.

"ఏం పని చేస్తవమ్మా?"
"నాట్లేస్త. నాట్లుంటె."
'కూలి' అని రాసిన.
ఆ గడిల అంతకంటె పట్టది.

వేలు పెట్టుమన్న.
ఒక్క బొటనవేలికి రెండు ముద్రలు పడ్డయి
ఒకదాని మీద ఒకటి,
ఇద్దరు మనుషులు ఒకే గడిల ఇరుక్కున్నట్టు.
ఇంకో కాగితం.
ఇంకోటి.
నాలుగోదానికి వాలంటీరు నస్రీన్ లేచొచ్చి
ఆమె మణికట్టు పట్టుకుంది.

"తాగి వణుకుతలేదు సార్,
తాగక వణుకుతుంది.
దుకాణం బందయి నాలుగు దినాలాయె.
అది చెట్టు కల్లు కాదు, మందు పొడి కల్లు.
ఒక్కపారి ఆపితె ఫిట్సొస్తయి."

మా మేనమామ పండ్ల నడుమ
చెంచా పెట్టి పట్టుకున్న రాత్రి యాదికొచ్చింది.
చెప్పలే.
ఫారంల దానికీ గడి లేదు.

జడ్జమ్మ కళ్లద్దాలు తీసి
డిపో మేనేజరు దిక్కు చూసింది.
"రాజీకి ఒప్పుకుంటున్న మేడం,
ఇప్పుడు ప్లాస్టిక్‌వి బిగించినం, ఎవ్వరు కొనరు."
ఎవరో నవ్విన్రు. ఈదమ్మ గూడ.

జరిమానా పడలే.
ప్రతి బుధవారం నాగర్‌కర్నూల్ దవాఖాన,
మత్తు మాన్పించే గది.
ఆగిపోయిన ఆసరా పింఛనుకు మళ్ల దరఖాస్తు.
తిరిగొచ్చేటప్పుడు నా బల్ల కాడ ఒక వేలిముద్ర.
జైలుకైతె ఒక్క వారంటు సాలు,
దీనికి పదకొండు కాగితాలు కుట్టిన,
దారం తెగి మళ్ల ఎక్కించుకొని.

మొదటి బుధవారం వచ్చింది.
రెండోది వచ్చింది, నస్రీన్ భుజం మీద ఒరిగి.
మూడోది రాలే.
రిజిస్టర్ల 'గైర్హాజరు' అని రాయబోయి
పెన్ను మూసిన.
ఎందుకో తెల్వదు,
ఇరవైరెండేండ్ల నౌకరీల
ఖాళీగ ఇడిసిన గడి గదొక్కటే.

నాలుగోనాడు, నేను టిఫిను విప్పుతుంటె,
గడప కాడ నిలబడ్డది.
"పోయిన వారం తాగిన సారూ. అబద్ధమెందుకు."
వేలు పెట్టింది.
ముద్ర కొంచెం జరిగింది,
అయినా ఒక్కటే.

ఆ పొద్దుమూకి బస్టాండుల
ప్లాస్టిక్ నల్లా ఒకటి కారుతుంది.
తిప్పిన. మర అరిగింది, బంద్ కాలే.
ఎట్లయినా పోయే నీళ్లే గదాని
దోసిలి పట్టి తాగిన.