మూడో గాటు

ఎర్రకారు. రెండే సీట్లు.
హంటర్ రోడ్డు స్పీడ్ బ్రేకర్ మీద
కడుపు గీసుకుంట వచ్చి
నా షెడ్డు ముందర ఆగింది.
దిగినాయన ఓనరు కాదు.

"తాళం ఖరాబైందన్నా.
మూడో గాటుకు తిప్పితే ఏం జవాబియ్యది."

పేరు కొంరెల్లి.
ఇరవై రెండేండ్లు కరీంనగర్ క్వారీలల్ల
గ్రానైటు లారీ తోలిన చెయ్యి.
ఇప్పుడు సేటు ఆదివారం ఒక్కపూట ఎక్కుతడు,
మిగిలిన ఆరు రోజులు
బ్యాటరీ పండుకోకుండ
బండిని అటిటు తిప్పుకొచ్చుడు ఈయన నౌకరి.

"స్టార్టు బటన్ ఉంది గదా" అన్న.
"ఉంది. గుండ్రంగ, ఎర్రగ.
నొక్కిన్నంటే
పెద్దోళ్ళింటి కాలింగ్ బెల్లు నొక్కినట్టే ఉంటది.
లోపల్నుంచి ఎవరో వచ్చి
ఎవనివి రా నువ్వు అంటరేమో అని."

స్టీరింగు కింది మూత విప్పి
వెల్లకిల పండుకొని చూసిన.
సున్న కాడ బండి నిద్ర.
ఒకటి కాడ పాట.
రెండు కాడ మీటర్ల దీపాలన్నీ లేస్తయి.
మూడు కాడ
స్ప్రింగు ఉంది.
వేళ్ళకు ఎదురు నిలుస్తది, విడిస్తే వెనక్కి నెడతది.
ఇంజనును బటన్ పేర రాసిచ్చిండ్రని
దానికి ఎవలూ చెప్పలే.

వెనక పిన్నుకు వైరే లేదు.
తెగింది కాదు, కాలింది కాదు, అసలు పుట్టనే లేదు.
కంపెనోడు ఇంకేదో మామూలు కారు తాళం తెచ్చి
దీనికీ బిగించిండు.
కొత్త అచ్చు పోయించుడు దండుగ అనుకున్నడేమో.

టెస్టు బల్బు పెట్టి తిప్పిన.
వెలిగింది!
కరెంటు అక్కడిదాక వస్తనే ఉంది.
వచ్చి,
బస్సు రూటు మారిన సంగతి తెల్వక
పాత స్టాపుల నిలబడ్డ ముసలామె లెక్క
చేతిసంచి పట్టుకొని చూస్తంది.

"ఖరాబు గాదు కొంరెల్లన్నా, అది గంతే."
"గంతేనా?"
ముఖం కాదు, మణికట్టు చిన్నబోయింది.

అప్పుడు లారీ తాళం ముచ్చట చెప్పిండు.
చలికాలం, తెల్లారుజాము, క్వారీ గుంతల
మూడో గాటు కాడ తిప్పి పట్టుకుంటే
మొదలు దగ్గుతుండె, తర్వాత తిడుతుండె,
ఆ తర్వాత లేస్తుండె.
ఎప్పుడు విడవాల్నో
చెవికన్న ముందు బొటనవేలుకు తెలుస్తుండె.
ఇక్కడ గూడ
పొద్దుకొక్కసారన్న తిప్పి చూస్తనన్నడు,
చుట్టుపక్కల ఎవలూ లేనప్పుడు.

ఉస్తాద్ యాకయ్య బతికుంటే
తిడుతుండెనో, ఊకుంటుండెనో.
పాత అంబాసిడర్ నుంచి ఆయన పీకిపెట్టిన రిలే ఒకటి
మేకుల డబ్బాల ఏండ్ల సంది పడి ఉంది.
ఖాళీ పిన్ను నుంచి దానికి నీలం వైరు,
దాన్నుంచి బాడీకి ఎర్తు.
అవతలికి ఏమీ కలపలే.

"తిప్పు."
టక్.
"విడువు."
టక్.
ఎడ్లను అదిలించేటందుకు
నాలుకతోని జేసే చప్పుడంత, అంతే.
కొంరెల్లి ఇంకోసారి తిప్పిండు. మళ్ళొకసారి.
నా దిక్కు చూడలే.
తర్వాతనే బటన్ నొక్కిండు.

బిల్లు మీద "జనరల్ చెకింగ్, మూడొందల యాభై" అని రాసిన.
రిలేకు పైసలెయ్యలే.
వేస్తే సేటు అడుగుతడు, అదేం పనిజేస్తదని.

దసరా ముందర కారు అమ్మిండ్రట, హైదరాబాదు పోయిందట.
కొంరెల్లి మళ్ళ లారీ ఎక్కిండో లేదో
నాకు తెల్వది.
అక్కడ ఏ ఏసీ వర్క్‌షాపులనో
ల్యాప్‌టాప్ పెట్టి వెతికే పిలగాడు
నీలం వైరు పట్టుకొని పోయి పోయి
దేనికీ కలవని రిలే కాడ ఆగుతడు.
ఎవడో వరంగల్ తిక్కలోడని నవ్వుతడు.
పీకేముందు
ఒక్కసారి
తిప్పి చూస్తడు గావచ్చు.