తూకం చీటీ వెనక

గురువారం రాత్రి. రస్ అల్ ఖైమా, క్వారీ క్యాంపు,
నాలుగో నంబరు రూము.
కింది మంచం మీద తూకం చీటీ బోర్లేసి
దాని తెల్లటి వీపు మీద వాదీ గీస్తున్న.

వాదీ అంటే కోర్టుల నిలబడేటోడు కాదు పోశెట్టీ,
వాగు.
ఏడాదికి రెండు దినాలు తప్ప
వాగని వాగు.

ఇగో, డాంబర్ రోడ్డు ఇక్కడ అయిపోతది.
బఖ్త్ జమీన్ పికప్ ఇందాకనే వస్తది.
మేం నడుస్తమంటే నవ్విండు జమీన్:
"మా స్వాత్‌ల కొండెక్కితే కట్టెలు తెస్తం,
తప్పిపోయిన మేకను తెస్తం. మీరేం తెస్తరు?"

సుగుణ కూడ ఫోన్ల గట్లనే అడిగింది.
రేపు కొండకు పోతున్న, ఫోను కలవదు అంటే
"మొక్కున్నదా?" అన్నది.
లేదు.
"మొక్కు లేకుంట కొండెందుకు?"

ఆరేండ్ల సంది కాంటా మీద కూసున్న.
కొండ నా కిటికీ ముందట్నుంచి లారీల్ల పోతది,
నలభై టన్నులు, నలభై రెండు, ముప్పై తొమ్మిదిన్నర.
చీటీ చింపి చేతికిస్త.
ఇంక తూకానికి రాని కొండ ఎట్లుంటదో
ఒక్కపారి కాళ్లతోని చూడాలె.
ఇది జమీన్‌కు హిందీల చెప్పరాలే,
సుగుణకు తెలుగుల కూడ చెప్పరాలే.
హవా తెస్తం, అన్న జమీన్‌తోని.

నీళ్లు: మనిషికి ఐదు లీటర్లు.
అంటే ఐదు కిలోలు, బరువు సంగతి నాకు చెప్పకు.
పొద్దున నీళ్లను మనం మోస్తం,
పొద్దుమీకినంక నీళ్లే మనల్ని మోస్తయి.

సద్ది: చింతపండు పులిహోర, సాయంత్రం దాకా చెడిపోదు.
ఖర్జూరాలు ఒక డబ్బ. పల్లిపట్టీలు ఎన్నుంటే అన్ని.
జేబుల ఉల్లిగడ్డ ఉండాలంటడు పోశెట్టి,
ఎండదెబ్బ తగలదట.
జనవరిల ఎండదెబ్బేందిరా అంటే అలిగిండు.
రాసిన.

కంపెనీ బూట్లు వద్దు. ఆ ఇనుప ముక్కు
ఎక్కేటప్పుడు మర్యాదగనే ఉంటది,
దిగేటప్పుడు బొటనవేలి గోరు అడుగుతది.

మొన్న క్రషర్ కాడ మేకల ముసలాయన చెప్పిండు:
నీ నెత్తి మీది మొగులు చూడకు,
కొండ నెత్తి మీది మొగులు చూడు.
ఇక్కడ ఎండ కాస్తనే ఉంటది,
అక్కడ పడ్డ వాన రెండు గోడల నడుమ
తెంపుకున్న గుర్రం లెక్క వస్తది.
అందుకే మూడో మలుపు కాడ అడ్డంగ గీత గీసిన.
నల్లమొగులు కనవడితే అక్కడ్నించే సలాం.

మగ్రిబ్ బాంగు వినవడినా మేం రాకుంటే
క్యాంపు బాసుకు చెప్పమని జమీన్‌కో కాపీ.
వాడు చదవడు. జేబుల పెట్టుకుంటడు, అది చాలు.

ఇంక మిగిలింది మర్లే టైము.
పన్నెండున్నర, అన్న.
గుండం కాడికి చేరినా, చేరకున్నా.
"అర ఫర్లాంగు దూరముంటే?"
ఉన్నా.
"నీళ్లు కండ్లకు కనవడుతుంటే?"
కనవడనీ.

పోశెట్టి ఏం మాట్లాడలే.
మంచం కోడుకు ఆనుకోని చీటీ దిక్కే చూసిండు.
రెండేండ్లని వచ్చిండు వాడు, పదకొండైంది.
బోరు బాకీ తీరెదాకా అని వచ్చిన నేను.
బాకీ తీరింది, ఎప్పుడో యాదికి కూడ లేదు.
విమానమెక్కేనాడు
టైము రాసుకొమ్మని ఎవ్వలూ అనలే.

"రాయి" అన్నడు.
"పెద్దగ రాయి. కింద గీత కొట్టు."

అలారం నాలుగుంబావుకు.
లైటు తీసేసినంక చానాసేపటికి
మీది మంచం కిర్రుమన్నది.
"అన్నా, ఉల్లిగడ్డ
ఒకటి రాసినవా, రెండా?"