దూప

కాజీపేట జంక్షన్‌లో దిగాను.
సంచిలో రెండు నోటుబుక్కులు, ఒక రికార్డరు.
బొగ్గింజన్ల నాటి ఊరి మాట వినాలని.
తెనాలి నుంచి కట్టుకొచ్చిన తెలుగు
గంజి పెట్టిన చీరలా
ఒంటిమీద బిర్రుగా ఉంది.

ఎర్రపెంకుల క్వార్టర్లు.
ఏ చలిని తలుచుకుని కట్టారో గాని
కప్పుకొక పొగగొట్టం.
కట్టిన నాటినుంచీ అందులో
పావురాలదే కాపురం.

ఇన్‌స్టిట్యూట్ హాలు చెక్కనేల మీద
షామియానా కర్రలు పేర్చి ఉన్నాయి.
తాళం తీసిన ఓదెలు చెప్పాడు:
"ఈడ దొరలు డాన్సులాడేటోళ్లట మేడం.
మా తాత బయట కూసోని పంకా గుంజేటోడు.
పాట తెల్వది గని
చెయ్యి తాళం తప్పేది కాదట."

గుంజు అంటే లాగు, రాసుకున్నాను.
గోడలో తాడు పోయిన కంత ఇంకా ఉంది.
వేలు పెట్టి చూశాను,
నున్నగా అరిగింది.
దాన్ని ఏ మాట కింద రాయాలో తోచలేదు.

చర్చి వెనక సందులో బెరిల్ ఆంటీ.
గౌను మీద చున్నీ.
రైల్వే బడిలో ముప్పయ్యేళ్లు ఇంగ్లీషు చెప్పినావిడ.
ఆ పాత ఇంగ్లీషు వినాలని
రికార్డరు నొక్కి కూర్చున్నాను.

"ఏడికెళ్లి వచ్చినవ్ బిడ్డా?"

ఎక్కడికి వెళ్లి వచ్చానా?
"ఎక్కడికీ వెళ్లలేదండీ, నేరుగా ఇక్కడికే."
ఆమె నవ్వింది.
గిన్నెలు తోముతున్న సారక్క కూడా.
ఈ ఊళ్లో 'నుంచి' అనాలన్నా
లోపల ఒక వెళ్లడం ఉండాలి కాబోలు.

"లండన్ చూశారా?"
"డోర్నకల్ దాటి పోలే.
ఆడికి పోయినా రాత్రి బండికి వాపసొచ్చిన.
మా ఆయన సిగ్నల్ కాడ కూతేస్తే
నేనీడ అన్నం వార్చేదాన్ని.
ఎవరి కూత ఏందో ఎర్కుండేది."

ఒక గూడ్సు పోయింది.
అది పోయేదాకా ఇద్దరం ఆగాం.

"దూపైతాందా?"

అవునన్నాను.
ధూపమనుకున్నాను. చర్చి పక్కనే కదా,
సాయంత్రం ప్రార్థన, సాంబ్రాణి...
భక్తిగా కళ్లు మూసుకున్నాను.

చేతికి చల్లగా తగిలింది
సొట్టపడ్డ చెంబు,
నిండా నీళ్లు.

తాగాక గాని తెలియలేదు
పొద్దుట్నుంచీ దూపగానే ఉన్నానని.

రాత్రి బండిలో రికార్డరు విన్నాను.
ఆమె మాటలకంటే
నా "ఆఁ?"లు, "అంటే?"లు,
"మళ్లీ చెప్పండి"లే ఎక్కువ.
చివర్న
గటగట చప్పుడు.
అదొక్కటే
ఆ ఊరి యాసలో
తప్పులేకుండా పలికాను.