పావు తిప్పు

వార్డో దీవిలో తలుపులు బిగించడం నా పని.
ఇక్కడ గాలి అతిథి కాదు, అద్దె కట్టని మనిషి.
ఏ గడప కింద ఎంత సందుందో
పోస్టుమాన్ కన్నా దానికే బాగా తెలుసు.

నవంబరు చివర. సూర్యుడు సెలవు పెట్టి నాలుగు రోజులు.
మధ్యాహ్నం ఒంటిగంటకు నుదుటి మీద లైటు కట్టుకుని
గున్‌వోర్ గారి గుమ్మం ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను.
డెబ్బై తొమ్మిదేళ్ళావిడ. ఒకప్పుడు రేవులో
చేపల తూకం లెక్కలు రాసేది.
గడపకు అడ్డంగా ఒక ఊలు స్వెట్టరు,
చాపలా చుట్టి, రెండు చేతులూ ముడివేసి.
ఎవరిదని నేనడగలేదు.
మోచేతుల దగ్గర తారు మరకలు.

తలుపు తీయాలంటే వంగి దాన్ని లాగాలి,
వేశాక వంగి దాన్ని మళ్ళీ తొయ్యాలి.
పదకొండు చలికాలాలు.
వంగొద్దని నడుము డాక్టరు చీటీ రాస్తే
మందుల కింద నా ఫోన్ నంబరు కూడా రాశాడట.

తలుపు ఊడదీసి అడుగున గాడి తీశాను.
అందులో అల్యూమినియం పట్టీ,
పట్టీ కడుపులో స్ప్రింగు,
స్ప్రింగు కింద రబ్బరు నాలుక.
బందుల వైపు చిటికెనవేలి గోరంత బొత్తాం.
తలుపు మూస్తే చట్రం బొత్తాన్ని నొక్కుతుంది,
నాలుక దిగి గడపకు అతుక్కుంటుంది.
తెరిస్తే లోపలికి లాక్కుంటుంది,
పెద్దవాళ్ళు రాగానే మాట మింగేసిన పిల్లలా.
నేలను గీరదు. కరెంటు అడగదు.

"చెప్పకుండా పని చేసేదాన్ని ఈ ఇంట్లో ఇదే చూడ్డం"
అందావిడ, గుడ్డను కాలితో తోస్తూ
నా బూట్ల తడి తుడుస్తూ.

నిన్నటి పేపరు చింపి గడప మీద పెట్టి తలుపేశాను.
లాగమన్నాను. మేజాబల్ల పట్టుకుని కొంచెం ఒంగి లాగింది.
చిరిగింది గాని రాలేదు.
కొవ్వొత్తి వెలిగించి నేల దగ్గర పట్టాను,
మంట ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు పిల్లాడిలా
నిటారుగా నిలబడింది.
నాకు గర్వం. దాచుకోలేదు.

వంటింట్లో గడియారం ఉందని
అప్పుడే తెలిసింది నాకు.
ఆవిడకీ అప్పుడే కాబోలు,
అటు తిరిగి చూసింది
ఎవరో చెప్పకుండా వచ్చి కూర్చున్నట్టు.

"ఇప్పుడు గాలి ఎటునుంచి?"
"ఫోన్లో చూసుకోవచ్చు" అన్నాను.
నవ్వలేదు.

తూర్పుగాలి అయితే సన్నటి ఈలట, పంటి సందున.
వాయవ్యమైతే ఖాళీ సీసా మూతిలో ఊదినట్టు.
రెండూ కలిసి వస్తే ఆ రాత్రి పడవ తీయకూడదు.
ఒకసారి కలిసి వచ్చాయి.
"తొడుక్కున్న బూట్లు విప్పించాను.
ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు బతికాడు,
ఆ రాత్రి తప్పిపోయిన చేపల గురించి సణుగుతూ."

బొత్తాం తలలో చిన్న మర ఉంటుంది.
బయటికి తిప్పితే నాలుక ఇంకా దిగుతుంది,
లోపలికి తిప్పితే కాస్త పైనే ఆగుతుంది.
ఇది కొన్నవాళ్ళకు చెప్పే సంగతి కాదు.
చెప్పాను.

"తిప్పు" అంది.
పావు తిప్పాను. తలుపేశాం.
తల ఒక పక్కకు వాల్చి వింది,
తూకం ముల్లు ఆగేదాకా చూసేదేమో ఇలాగే.
"ఇంకో వెంట్రుక."
వెంట్రుకంత తిప్పాను.

గడప కింద ఎక్కడో
దారం ఎక్కించేటప్పుడు సూది బెజ్జం
మాట్లాడితే ఎలా ఉంటుందో, అంత.
"తూర్పు" అందావిడ.
ఫోన్ తీశాను. తూర్పే.

హామీ కాగితంలో ఒక గడి ఉంటుంది:
గాలి చొరబాటు, లేదు.
దాన్ని ఖాళీగా వదిలి కింద సంతకం పెట్టాను.
ఆవిడ స్వెట్టరు ముడి విప్పి, దులిపి,
కుర్చీ వీపుకు తగిలించింది.
చేతులు తిన్నగా వేలాడలేదు.
మోచేతుల దగ్గర వంగే ఉన్నాయి.

బయటికొచ్చాను. వెనక నాలుక దిగిన చప్పుడు,
ముద్ద మింగినంత.
తలుపుకు చెవి ఆనించి నిలబడ్డాను కాసేపు.
ఇటువైపు ఈల వినబడదు.
ఇటువైపు అంతా గాలే.