బండి ఱ

ఆమెకి ఙన్ అని పేరు పెట్టారు.
మనం వర్ణమాలలో ఒక్కసారి పలికి
జన్మంతా పక్కన పెట్టేసే ఆ ఙ తోనే
మొదలవుతుంది పేరు.
వియత్నాం భాషలో వెండి అని అర్థం.

చెక్ దేశంలో, చెబ్ ఊళ్లో, ఒకటో తరగతి హాజరుపట్టీ దగ్గర
టీచరు రెండుసార్లు ప్రయత్నించి, నవ్వేసి,
"నాద్యా అందామా?" అంది.
మర్యాదగానే అడిగింది.
ఆరేళ్ల పిల్ల సరేనంది.

అమ్మానాన్నలకి సరిహద్దు సంతలో కొట్టు.
మేజోళ్లు, గొడుగులు, తెల్లారకముందే షట్టరు.
అందుకని నెలకింతని ఇచ్చి
పిల్లలకో అమ్మమ్మని కుదుర్చుకున్నారు,
రైల్లో టికెట్లు చూసి రిటైరైన జ్దెంకా.
బంగాళాదుంపల సూపు తాగించి
రోజూ సాయంత్రం అద్దం ముందు నిలబెట్టి
వాళ్ల బండి ఱ నేర్పింది ఆవిడ:
నాలుక వణకాలి, పళ్లసందున గాలి ఈల వెయ్యాలి,
గులకరాళ్ల మీద చక్రం దొర్లినట్టు.
ఏడు నెలలు.
మొదట నోరు తిరిగిన మాట స్త్ఱీబ్రో.
వెండి.
అది ఈ పిల్ల పేరేనని జ్దెంకాకి తెలీదు.
పిల్లా చెప్పలేదు.

ఎనిమిదో ఏట, పన్నుల ఆఫీసులో
మునివేళ్ల మీద లేచి కౌంటరు అందుకుని
జరిమానా అన్న మాట అమ్మకి చెప్పాల్సొచ్చింది.
ఇంటి భాషలో ఆ మాట రాక
"వాళ్లకి కోపమొచ్చిందమ్మా, డబ్బులు కావాలట" అంది.
ఇంతకన్నా మంచి అనువాదం
ఇప్పటికీ దొరకలేదంటుంది.

తమ్ముడు ఖ్వా సంగతి వేరు.
టెక్నికల్ స్కూలు రెండో ఏడు మానేశాడు.
రాత్రి పదింటిదాకా గల్లాపెట్టె.
ఆ ఊరి బూతులూ, హాకీ జట్టు ఓటములూ
అక్కకన్నా వాడికే బాగా వచ్చు.
అయినా కొట్లోకొచ్చిన ప్రతివాడూ
వాణ్ణీ, తెల్లజుట్టు నాన్ననీ నువ్వనే అంటాడు.
"మీ చిల్లర" అని
నాణేలు లెక్కపెట్టి ఇస్తాడు వాడు.

ఇప్పుడు అదే ఆఫీసు, నాలుగో కౌంటరు,
అద్దానికి లోపలివైపు ఆమె.
మెడలో కార్డు మీది అసలు పేరు ఎవరూ చదవరు.
మేడం అంటారు. మీరు అంటారు.

సోమవారం అమ్మ వచ్చింది, టోకెను పట్టుకుని.
ఇంట్లో వాళ్ల మధ్య నువ్వూ లేదు, మీరూ లేదు;
అమ్మ, బిడ్డ, అంతే, సర్వనామాలు అవే.
వెనక వరస చూసి, సంచీ సర్దుకుని,
వచ్చిన నాలుగు చెక్ మాటల్లోంచి ఏరి
కూతుర్ని "మీరు" అంది అమ్మ.

సొంతవాళ్ల ఫైలు ముట్టుకోకూడదని రూలు.
పక్క కౌంటరుకి పంపింది.
"నీకెన్ని కాపీలు కావాలి?" అన్నాడు పావెల్.
మూడుని వాళ్లు త్ఱి అంటారు.
అమ్మ నోట్లో బండి ఇరుసు విరిగి తి మాత్రం వచ్చింది.
"ఏంటి? ఎన్ని?"

"త్ఱి," అంది ఆమె ఇటునుంచే,
గులకరాళ్ల మీద బండి మొత్తం వెళ్లినట్టు.
"మూడు. ఆవిణ్ణి మీరు అను."

అమ్మకి అర్థమైందో లేదో.
చూపించిన చోటల్లా సంతకం పెట్టింది.