పది రొయ్యల్లో లేదండీ

ఉండి నుంచి, కాళ్ళ నుంచి, ఆకివీడు నుంచి
ఐసు ముక్కల మధ్య కవర్లలో రొయ్యలొస్తాయి నా దగ్గరికి.
తలలు గిల్లి, నూరి, మిషన్లో పెట్టి
సాయంత్రానికి కాగితం ఇస్తాను:
తెల్లమచ్చ లేదు. కింద నా సంతకం.

సుబ్బరాజు గారు కాగితం తిరగేసి మరగేసి
"నిజంగా లేదా అమ్మా?" అంటారు.
"ఈ పది రొయ్యల్లో లేదండీ" అంటాను.
చెరువులో రెండు లక్షలున్నాయి.
ఆ మాట నేనూ అనను, ఆయనా అడగరు.

ఏడేళ్ళుగా ఇదే.
ఇప్పుడు నేనే కవర్లో రొయ్యని.

నరసాపురంలో ఒక్క రాత్రి.
వశిష్ఠ మీంచి గాలి కిటికీ రెక్కని కొడుతూనే ఉంది,
లేచి వేసే ఓపిక ఇద్దరికీ లేదు.
సాల్మన్ మేత కంపెనీ మనిషి. నవ్వితే ముందు భుజాలు నవ్వుతాయి.
తొమ్మిదో రోజు ఫోన్ చేసి చెప్పాడు,
ఏడాదికోసారి పెదవి చివర పొక్కులొస్తాయని,
అది అంటుకుంటుందని ఈ మధ్యే తెలిసిందని.
చెప్పినందుకు కోపం వచ్చింది నాకు.
చెప్పకపోతే ఎంత వచ్చేదో.

అప్పట్నుంచి
అద్దమూ నేనూ టార్చిలైటూ.
ప్రతి దురదా ఒక వార్త.
చెమటకాయని చూస్తూ రెండు గంటలు కూర్చున్నాను.
దోమ కుట్టిన చోటికి హెర్పిస్ అని పేరు పెట్టి
తెల్లారి తీసేశాను.
సుఖవ్యాధి అంటారట.
ఆ మాటలో మొదటి సగం
ఎంతసేపుందని అడిగితే ఏం చెప్పను?

భీమవరంలో ఎవరైనా చూస్తారని పాలకొల్లు పోయాను.
కౌంటర్లో పేరడిగితే
నోటికొచ్చింది: మావుళ్ళమ్మ.
అమ్మవారు క్షమించాలి, ఊరు కూడా అబద్ధమే చెప్పాను.
బెంచీ మీద అయిదుగురం,
అందరం గోడ మీది క్యాలెండరే చదువుతున్నాం.

"పొక్కు లేదు కాబట్టి తీసి చూడ్డానికేం లేదు," అంది డాక్టరమ్మ.
"రక్తంలో తేలాలంటే పన్నెండు వారాలాగాలి.
ఇప్పుడు చేస్తే లేదనే రావచ్చు. ఆ లేదుకి అర్థం లేదు."
నేను రోజూ అమ్మే మాటని నాకే తిరిగి అమ్మింది.
అయినా చేయించాను.
లేదు.
బస్సులో ఆ కాగితం మడత నాలుగుసార్లు విప్పాను.

పన్నెండు వారాలంటే
దాళ్వా నాట్లేసిన చేను పిలకలేసి, పొట్టకొచ్చి, ఈని,
పచ్చదనం వదులుకోవడం.
రోజూ బస్సు కిటికీలోంచి చూశాను.
చేను తొందరపడలేదు.
"పులుసు కుదిరిందా?" అని అమ్మ అడిగితే
"ఇంకా మూడు వారాలు" అన్నానొకసారి.

కాలువలు కట్టేసిన వారం మళ్ళీ వెళ్ళాను.
సూది గుచ్చే కుర్రాణ్ణి అడిగాను,
"కంట్రోల్ పెడతారా? పాజిటివ్ ఒకటి, నెగటివ్ ఒకటి?"
సూది గాల్లోనే ఆగింది.
"మీరేం చేస్తుంటారండీ?"
"రొయ్యలు."

మూడో రోజు కాగితం.
ఒకటో రకమూ లేదు, రెండోదీ లేదు.
"ఇంక చాలు, ఇంటికెళ్ళమ్మా" అంది డాక్టరమ్మ.
ఇంటికెళ్ళాను గానీ చాలలేదు.
కాగితాలు ఎక్కడెక్కడ తప్పుతాయో నాకు తెలుసు.
తెలియని వాళ్ళెంత హాయిగా పడుకుంటారో కూడా.

సాల్మనూ చేయించుకున్నాడు. అతనికి ఉంది, ఒకటో రకం.
"చిన్నప్పుడు ఏ మేనత్తో ముద్దు పెట్టుకునుంటుంది,
చాలామందికి ఉంటుందట" అన్నాడు.
భుజాలు నవ్వలేదు. ఫోన్లో ఎలా తెలిసిందంటే, తెలిసింది.
"పొక్కున్నప్పుడు నీ దగ్గరికి రాను." కాసేపాగి,
"లేనప్పుడైనా రమ్మంటావా?"
లేనప్పుడూ అంటొచ్చు, అరుదుగా.
అదీ చెప్పింది డాక్టరమ్మ. ఎంత అరుదంటే చేతులు తిప్పింది.

నిన్న సుబ్బరాజు గారొచ్చారు, మళ్ళీ కవరుతో.
ఏడేళ్ళలో మొదటిసారి నేనే అడిగాను.
"పదింట్లో లేదంటే మిగతావాటి సంగతేంటండీ?
నిద్రెలా పడుతుంది మీకు?"
ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుని
"నిద్రెవడు పోయాడమ్మా.
నువ్వు లేదంటే పొద్దున్నే మేత చల్లుతాను.
తర్వాత చెక్‌ట్రే ఎత్తి చూస్తాను.
తిన్నాయా, సరే. మళ్ళీ చల్లుతాను."

కాగితం బీరువాలో చీరల కింద ఉంది.
టార్చిలైటులోంచి బ్యాటరీలు తీసి
టీవీ రిమోట్లో వేశాను.
అమ్మ సీరియల్లో ఎవరో అప్పుడే ఏడుస్తున్నారు.
ఫోను తీసుకుని పెరట్లోకి నడిచాను.