అద్దెదారు పేరు

ఫర్వానియాలో మూడో అంతస్తు, ఏడో నంబరు తలుపు.
రెండు గదులు, ఆరు మంచాలు, ఆరుగురం ఆడోళ్ళం.
కాయితం మీద మాత్రం ఈ ఇంట్లో ఒక్కతే ఉంటాది,
రాహేలమ్మ.

ఆమె పోయి అయిదేండ్లు.
పోయి అంటే చచ్చి కాదు,
కరోనా కాలంలో దొరికిన విమానమెక్కి
రాజోలు పోయింది.
గాస్కెట్ లేని కుక్కరు, గోడకొక మేకు,
వంటింటి తలుపు వెనక పెన్సిలు గీతలు,
ఎవురు ఎన్ని దీనార్లు బాకీనో.
ఇంకొకటి కూడా వదిలిపెట్టింది:
నూట ఎనభై దీనార్ల పాత ఈజారు.
పేరు మారిస్తే రెండువందల అరవై.
అందుకని ఏటేటా
లేని మనిషి పేరు మీద గడువు పెంచుకుంటా వచ్చినాం.

ముసలి యజమాని రసీదు రాస్తా అడిగేటోడు,
"రాహేల్ బాగుందా?"
"బాగుంది బాబా, డ్యూటీకి పోయింది."
అయిదేండ్లుగా డ్యూటీలోనే ఉంది పాపం.

మొన్న చలికాలంలో ఆయన కన్నుమూసినాడు.
కొడుకొచ్చినాడు, చేతిలో ట్యాబు,
మాట కంటే ముందు వేలు కదుపుతాడు.
"నెలాఖరుకి గడువు అయిపోతాది.
అద్దెదారు తానే వచ్చి సంతకం పెట్టాల."

హారిసు అబూ కరీం, ఈజిప్టోడు,
మెట్ల కాడ నన్ను ఆపి నవ్వినాడు:
"మీరు పిలిచే ఆ పేరు ఉందే,
రహీల్ అంటే మా మాటలో ఏందో తెలుసా?
వెళ్ళిపోవడం."
ఇన్నేండ్లూ మా తలుపు మీద అదే రాసి ఉన్నింది.
సదవడం రాక బతికిపోయినాం.

ఆ రాత్రి లెక్క చూసుకున్నాం.
తలా పదమూడు దీనార్లు, పైన చిల్లర.
"నాకు రెండు వారాల కూరలు" అనింది చెంగమ్మ.
"మహబుల్లా పోదాం" అనింది ఖాదర్‌బీ,
బస్సు ఎంత దూరమో గుర్తొచ్చి తానే నోరు మూసుకునింది.
ఆగస్టు. చన్నీళ్ళ కొళాయి తిప్పితే కాగే నీళ్ళు.
హీటరు ఆర్పేసి,
అందులో నీళ్ళే చల్లవని పోసుకుంటాం.
ఈ దేశంలో ప్రతిదానికీ ఇంకో పేరు ఉంటాది.

రాహేలమ్మకి వాయిస్ పెట్టినా.
అర్ధగంటకి జవాబు, వెనకాల ఎవురిదో మిక్సీ మోత:
"ఓసి నీ ఇల్లు బంగారంగానూ,
ఇంకా నా పేరు మీదే ఉందటే ఆ ఫ్లాటు?
ఇక్కడ మా తమ్ముడి వసారాలో ఉంటన్నాను.
రేషన్ కార్డులో కూడా మరదలి కిందే నేను.
నా పేరు మీద ఇల్లంటూ ఉంటే అదొక్కటే.
ఉండనీవే, పెంచలా."
నవ్వింది.
ముప్పై నాలుగో సెకను కాడ ఆ నవ్వు తెగిపోయింది.

మూడుసార్లు విన్నా.
తెల్లారి బడి బస్సులు తుడిచే పనికి సెలవడిగి
ఆఫీసుకి పోయినా.
"రాహేల్ ఎక్కడ?"
"రహీల్" అన్నా.
అరబీలో తప్పు లేకుండా నేను చెప్పిన మొదటి నిజం.

ఆయన తలెత్తి చూసినాడు.
బేరమాడితే రెండువందల నలభై కాడ ఆగినాడు.
నా కార్డు చూసి పేరు కొట్టి, పైకి చదివినాడు.
అరబీలో పకారం లేదంట, చకారమూ లేదంట.
పెంచలమ్మ పోయి బెన్షలమ్మ వచ్చింది.
ఆ కార్డు పదకొండేండ్లుగా నా సంచిలోనే ఉంది,
ఒక్కసారీ చదివించుకోలా.
కుడి నించి ఎడమకి నడిచిపోయే నా పేరుని
ఎవురిదో ఫోటో చూసినట్టు చూసినా.

గడువు: ఒక సంవత్సరం.
నా వీసాకి ఏడు నెలలే ఉండాది.
ఈ ఊర్లో నాకంటే నా పేరు
అయిదు నెలలు ఎక్కువ బతుకుతాది.

ఇంటికొచ్చి వాయిస్ పెట్టినా:
"అక్కా, గడువు పెంచినారు."
ఎవురి పేరు మీదనో చెప్పలా.
ఆమె దండం బొమ్మ పంపింది.

కరెంటు బిల్లు ఇంకా రాహేలమ్మకే వస్తాది.
మార్పించుకో అని అబూ కరీం రెండుసార్లు చెప్పినాడు.
చూద్దాంలే అన్నా,
ఎండ తగ్గనీ.